అందినది: ‘రిసీవ్’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం ఇమ్మని మన కార్యదర్శి గారు నన్ను అడిగారు. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. చరిత్ర లెక్చరర్లుగా చేసి రిటైరైనవారే నలుగురున్నారు. నేను 1976లో ఎల్.డి. గుమాస్తాగా చేరి 2010లో సూపరింటెండెంటుగా దిగినవాడిని. ముప్పై నాలుగేళ్ళు కాగితాల మధ్యనే గడిచాయి. అందుచేత నాకు తెలిసిన సరుకే తెచ్చాను. మనమందరం సర్వీసులో కొన్ని వేలసార్లు వ్రాసిన, ముద్ర కొట్టిన, సంతకం పెట్టిన ఒక ఇంగ్లీషు క్రియ చరిత్ర ఇది. ఆ మాట ‘రిసీవ్’. తపాలు మీద ‘రిసీవ్డ్’, జీతం పుచ్చుకున్నప్పుడు ‘రిసీవ్డ్’, బదిలీ ఉత్తర్వు చేతికిచ్చినప్పుడు కూడా కళ్ళనీళ్ళు తుడుచుకుని ‘రిసీవ్డ్’.

ఈ మాట మీద నాకింత పట్టు ఎందుకంటే, ఒకప్పుడు దీని స్పెల్లింగు తప్పు వ్రాసి నేను పడిన పాట్లు అంతటివి. ఆ సంగతి చివర చెబుతాను.

ముందు మాట పుట్టుక. ‘రిసీవ్’ ఇంగ్లీషువారి సొంత మాట కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత అక్కడి కచేరీ భాష ఫ్రెంచి అయింది. మన దేశంలో మొగలాయీలు, గోల్కొండ నవాబుల కాలంలో ఫారసీ ఎలా కచేరీ భాష అయిందో అలాగే. రైతు తన ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునేవాడు. కోర్టు మెట్లెక్కితే మాత్రం అంతా ఫ్రెంచి, లేదా లాటిన్. కోర్టులో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేయడానికి 1362 దాకా పట్టింది. ఈ మధ్య కాలంలో పన్నుల మాటలు, కోర్టు మాటలు, దఫ్తరు మాటలు గుంపుగా ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి దిగుమతి అయ్యాయి. వాటితోపాటు సుమారు 1300 ప్రాంతంలో ‘రిసీవ్’ కూడా వచ్చింది.

ఫ్రెంచివారికి అది లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ‘రెకిపెరె’ అనే క్రియ ఉంది. ‘రె’ అంటే వెనుకకు, తిరిగి. ‘కాపెరె’ అంటే పట్టుకొనుట, తీసుకొనుట. రెండూ కలిస్తే తిరిగి తీసుకొనుట, పుచ్చుకొనుట, లోపలికి రానిచ్చుట. ఈ ‘కాపెరె’ సంతానం ఎంత పెద్దదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. క్యాప్చర్, క్యాప్టివ్, కెపాసిటీ, యాక్సెప్ట్ దీని పిల్లలే. మొదటి స్థానం పట్టుకున్నవాడు అనే అర్థంలో లాటిన్‌వారి ‘ప్రిన్‌కెప్స్’ మాట పుట్టింది. అందులోంచి ప్రిన్స్ వచ్చాడు, మన కాలేజీ ప్రిన్సిపాల్ గారూ వచ్చారు. ఊరి బాధ్యతలు తీసుకున్నవాడు అనే అర్థంలోంచి మునిసిపల్ అనే మాట వచ్చింది. మున్సిపాలిటీలో చేసిన మన మిత్రులు ఈ సంగతి గమనించగలరు. వారి ఆఫీసు పేరులోనే ‘తీసుకొనుట’ ఉన్నది. అయితే అది బాధ్యతలు తీసుకొనుట, వేరే అర్థం తీయవద్దని మనవి.

రిసీవ్‌కు ముగ్గురు తోబుట్టువులు కూడా ఉన్నారు. డిసీవ్, పర్సీవ్, కన్సీవ్. మోసగించుట, గ్రహించుట, భావించుట లేదా గర్భం దాల్చుట. నలుగురూ ఒకే కాపెరె బిడ్డలు, నలుగురి స్పెల్లింగూ ఒక్కటే. పుచ్చుకొనుట, మోసగించుట ఒకే తల్లి బిడ్డలని తెలిసినప్పుడు, ఖజానా కౌంటరులో చేసిన నా స్నేహితుడొకడు పడీపడీ నవ్వాడు.

ఇక స్పెల్లింగు సంగతి. ఇక్కడే మనలో చాలామంది హెడ్ గుమాస్తాల చేత చీవాట్లు తిన్నది. సి అక్షరం తరువాత ముందు ‘ఈ’, ఆపైన ‘ఐ’ రావాలి. కానీ చెయ్యి ఊరుకోదు, తిరగేసి ముందు ‘ఐ’ వ్రాస్తుంది. ఎందుకంటే బిలీవ్, రిలీవ్, అచీవ్ అన్నింటిలోనూ ‘ఐ’ ముందు, ‘ఈ’ తరువాత. పలకడంలో అన్నీ ఒకటే. ఆఫీసులో మనకు రిలీవ్ మాట రిసీవ్ కంటే తక్కువేమీ కాదు. బదిలీ అయినవాడిని రిలీవ్ చేయాలి, సెలవు మీద వెళ్ళేవాడిని రిలీవ్ చేయాలి. ‘రిలీవ్డ్ ఆన్ ది ఆఫ్టర్‌నూన్ ఆఫ్’ అని పది కాగితాలు వ్రాసిన చేత్తోనే పదకొండో కాగితం మీద రిసీవ్డ్ వ్రాస్తే అది తిరగబడక ఏమవుతుంది?

నిజానికి ఆ రెండింటి పుట్టుకా వేరు. రిలీవ్ అంటే లాటిన్‌లో పైకెత్తి బరువు తగ్గించుట. అది కాపెరె వంశం కాదు. బిలీవ్ అయితే ఫ్రెంచి మాటే కాదు, అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. వేరువేరు ఊళ్ళ నుంచి వచ్చి ఒకే రకం చొక్కా తొడుక్కున్నవారిలాగా, కాలక్రమాన వీటన్నింటి ఉచ్చారణ ఒకటైపోయింది. స్పెల్లింగు మాత్రం పుట్టిన ఊరి గుర్తును మోస్తూనే ఉంది.

ఆ ‘ఈ, ఐ’ జంట రిసీవ్‌లోకి ఎలా వచ్చిందో చెబితే స్పెల్లింగు ఇక మరచిపోరు. నార్మన్లు తెచ్చిన ఫ్రెంచిలో ఈ మాటను ‘రెసెయ్‌వ్రె’ అన్నట్లు పలికేవారు. మధ్యలో ‘ఎయ్’ అనే ధ్వని ఉన్నందునే ఆ రెండక్షరాలు ఆ వరుసలో పడ్డాయి. అంటే ఒకప్పుడు అది వినిపించినట్లే వ్రాసిన స్పెల్లింగు. తరువాత పారిస్ వైపు ఫ్రెంచిలో ఆ ‘ఎయ్’ కాస్తా ‘ఒయ్’ అయిపోయింది. ఇంగ్లీషువారు మాత్రం పాతదాన్నే పట్టుకుని ఉన్నారు. దీనికి మంచి సాక్ష్యం కన్వే, కన్వాయ్ అనే రెండు మాటలు. రెండూ ఒకే ఫ్రెంచి మాట. ముందు నార్మన్ల ద్వారా వచ్చినది కన్వే, తరువాత పారిస్ నుంచి వచ్చినది కన్వాయ్. మంత్రిగారి వెనుక వెళ్ళే కార్ల వరుసకూ, ‘ఐ యామ్ డైరెక్టెడ్ టు కన్వే’ అని మనం వ్రాసిన వాక్యానికీ ఉన్న చుట్టరికం అది.

కాలం గడిచేకొద్దీ ఇంగ్లీషులో అచ్చుల ఉచ్చారణ మారిపోయి ‘రిసేవ్’ కాస్తా ‘రిసీవ్’ అయింది. ఐర్లండువారి ఇంగ్లీషులో మాత్రం ‘రిసేవ్’, ‘డిసేవ్’ అని పలకడం తరువాత కూడా చాలాకాలం వినిపించేదట. మన హైస్కూలు మాస్టర్లు నేర్పిన ‘సి తరువాత ఈ ముందు’ అనే సూత్రం ఈ చరిత్రకు పిల్లల కోసం కట్టిన పాట వంటిది. అదైనా పూర్తిగా నమ్మదగినది కాదు. సైన్స్, స్పీషీస్, ఏన్షియంట్, సఫీషియంట్ మాటల్లో సి తరువాత ‘ఐ’ ముందు వస్తుంది. సీజ్, వియర్డ్ మాటల్లో సి అక్షరమే లేకుండా ‘ఈ’ ముందు వస్తుంది. 2009లో బ్రిటన్ ప్రభుత్వమే తన ఉపాధ్యాయులకు ఇచ్చిన సూచనల్లో ఈ సూత్రం నేర్పడం దండగ అని చెప్పింది. అది పేపర్లో చదివిన రోజున, అప్పటికింకా సర్వీసులో ఉన్న నేను, సీటులో కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. మనం ఆ సూత్రం కోసం ఎన్ని గోడకుర్చీలు వేశామో!

రిసీవ్ కంటే దాని కొడుకు ‘రిసీట్’ మరీ గడుసువాడు. దానిలో ఒక ‘పి’ ఉంది. పలకము, కానీ వ్రాస్తాము. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘పి’ లేదు. తరువాత పండితులకు లాటిన్ మోజు పట్టుకున్న కాలంలో, దీని తాత ‘రెకెప్తా’లో ‘పి’ ఉన్నది కదా అని తెచ్చి దూర్చారు. అప్పు అనే అర్థంలో వాడే డెట్‌లో ‘బి’, అనుమానమనే డౌట్‌లో ‘బి’ కూడా అలా దూర్చినవే. నోరు మాత్రం ఆ అక్షరాలను ఒప్పుకోలేదు. షేక్‌స్పియర్ తన ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకంలో హోలోఫెర్నీస్ అనే బడిపంతులు చేత, ఆ ‘బి’ పలకనివారిని తిట్టించి నవ్వు పుట్టించాడు.

మరి డిసీట్, కన్సీట్ మాటల్లో ‘పి’ ఏమైంది? కొంతకాలం వాటికీ తగిలించి చూశారు, నిలవలేదు. ముగ్గురన్నదమ్ముల్లో ఒక్కడికే ఉద్యోగం పర్మినెంటు అయినట్లు రిసీట్‌లో మాత్రం నిలిచింది. 1755లో పెద్ద నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ తన పీఠికలో ఈ డిసీట్, రిసీట్ జంటనే ఉదాహరణగా చూపి, ఇది పొత్తులేని వ్యవహారమే అయినా ఎక్కువమంది ఇలాగే వ్రాస్తున్నారు గనుక తానూ ఇలాగే వ్రాస్తున్నానని ఒప్పుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ‘పూర్వపు పద్ధతి ప్రకారం’ అని నోట్‌ఫైలు వ్రాసి పైకి పంపాడన్నమాట.

మన ఇళ్ళల్లో ఇప్పుడు ఎవరి మందుల చీటీ వారికి ఉన్నది గనుక మరొక సంగతి చెబుతాను. డాక్టరు గారు చీటీ మీద మొట్టమొదట ‘ఆర్’ అక్షరం వ్రాసి దాని కాలి మీద అడ్డంగా గీత గీస్తారు. అది బృహస్పతి గ్రహం గుర్తని కథలు చెప్పేవారున్నారు. అసలు అది లాటిన్ ‘రెకిపె’కు పొట్టి వ్రాత. అంటే ‘తీసుకో’ అని మందు కలిపేవాడికి వైద్యుడు ఇచ్చే ఆజ్ఞ. ఫలానాది ఇంత తీసుకో, ఫలానాది అంత తీసుకో అని. వంటకు వాడే రెసిపీ కూడా ఆ మాటే. పాత ఇంగ్లీషు వంటల పుస్తకాల్లో దానినే రిసీట్ అనేవారు. మన పిల్లలు సెల్‌ఫోనులో చూసి వండే రెసిపీ, మనం మింగే బి.పి. మాత్రల చీటీ, కరెంటు బిల్లు రిసీట్, మూడూ ఒకే తల్లి పిల్లలు.

రిసీట్ కాగితం రాకముందు ఇంగ్లండు ఖజానాలో రసీదు ఎలా ఇచ్చేవారో తెలుసుకుంటే ఖజానా శాఖలో చేసినవారికి ముచ్చటగా ఉంటుంది. వారి ఖజానా పేరు ఎక్స్‌చెకర్. చదరంగం బల్లలాగా గళ్ళ గుడ్డ పరచి దానిమీద లెక్కలు వేసేవారు గనుక ఆ పేరు. బ్యాంకు చెక్కు స్పెల్లింగు మీద కూడా దీని ప్రభావమే ఉన్నది. డబ్బు పుచ్చుకునే భాగానికి ‘రిసీట్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అని పేరు. అక్కడ డబ్బు కట్టినవాడికి కర్ర ముక్క ఇచ్చేవారు! కర్ర మీద అడ్డంగా గాట్లు పెట్టేవారు. వెయ్యి పౌన్లకు అరచేయి మందం గాటు, నూటికి బొటనవేలి మందం, ఇరవైకి చిటికెన వేలి మందం, ఒక్క పౌనుకు బార్లీ గింజంత. తరువాత ఆ కర్రను గాట్ల మీదుగా నిలువునా రెండుగా చీల్చేవారు. పెద్ద ముక్క కట్టినవాడికి, చిన్న ముక్క ఖజానాకు. తనిఖీ రోజున రెండూ కలిపి చూస్తే గాటుకు గాటు అతకాలి. ఎవడైనా తన ముక్క మీద ఒక గాటు ఎక్కువ చెక్కుకుంటే రెండో ముక్క సాక్ష్యం చెబుతుంది. ఖజానా దగ్గర ఉండిపోయే ఆ ముక్క పేరు ‘ఫాయిల్’. మన రసీదు పుస్తకంలో మిగిలిపోయే కౌంటర్‌ఫాయిల్ పేరులో ఉన్నది ఆ ఫాయిలే. ఈ గాట్ల కొలతలన్నీ రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే ఖజానా అధికారి పన్నెండవ శతాబ్దంలోనే గ్రంథస్థం చేశాడు. మన ఖజానా కోడ్ వంటిది ఎనిమిదివందల ఏళ్ళకు పూర్వమే ఉన్నదన్నమాట.

ఈ కర్రల పద్ధతి ఎంతకాలం సాగిందనుకుంటున్నారు? 1782లో రద్దు చేస్తూ చట్టం చేశారు. కానీ అప్పటికి పదవుల్లో ఉన్న పెద్దలు దిగిపోయేదాకా ఆగాలన్నారు. 1826కి గాని అమలు కాలేదు. నలభై నాలుగేళ్ళు! ఉత్తర్వులు అమలు కావడం ఆలస్యమవుతోందని మనం వాపోతుంటాం. తరువాత రద్దయిన ఆ కర్రలను ఏమి చేయాలనే ప్రశ్న వచ్చింది. 1834 అక్టోబరు 16న రెండు బండ్ల కర్రలను ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిల్లో వేసి కాల్చారు. వేడికి పొగగొట్టాలు అంటుకుని పార్లమెంటు భవనం చాలా భాగం బూడిదైంది. 1855లో ఒక సభలో చార్లెస్ డికెన్స్ ఈ ఉదంతం చెప్పి, ఆ కర్రలు చుట్టుపక్కల బీదవాళ్ళకు వంటచెరకుగా ఇస్తే పోయేది కదా అని దఫ్తరు మనుషులను ఎద్దేవా చేశాడు. పాత రికార్డు నాశనం చేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని రికార్డు రూములో చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన రసీదు దగ్గరకు వద్దాం. రిసీట్, రసీదు. చెవికి రెండూ ఒకటే అనిపిస్తుంది. రిసీట్‌నే మనవాళ్ళు రసీదు చేశారని నేను సర్వీసులో సగం కాలం నమ్మాను. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. రసీదు ఫారసీ మాట. ‘రసీదన్’ అంటే చేరుట. ‘రసీద్’ అంటే చేరింది. డబ్బు చేరింది అని వ్రాసిచ్చిన కాగితం గనుక రసీదు. ఇంగ్లీషువాడు కచేరీ పెట్టకముందే మన దేశంలో కచేరీలున్నాయి, రసీదులున్నాయి. గుమాస్తా, దస్తావేజు, ఖజానా వంటి ఫారసీ, అరబ్బీ మాటలతోపాటు వచ్చింది ఇది. వసూలు అరబ్బీ మాట, దాని మూలార్థం కూడా చేరుట అనే. మనకు వసూలు అంటే ముక్కుపిండి తీసుకోవడమనే అర్థం స్థిరపడింది, అది వేరే సంగతి. అన్నట్లు, ఇంగ్లీషువాడి స్పెల్లింగు చూసి నవ్వే మనం ‘రసీదు’ అని కొందరం, ‘రశీదు’ అని కొందరం వ్రాస్తాం. ఫారసీలో ఉన్నది ‘స’కారమే.

ఒకే చీటీని భాషలు ఎన్ని వైపుల నుంచి చూశాయో గమనించండి. ఇంగ్లీషు రిసీట్ పుచ్చుకున్నవాడి వైపు నుంచి చూస్తుంది, నేను తీసుకున్నాను అని. ఫారసీ రసీదు డబ్బు వైపు నుంచి చూస్తుంది, సొమ్ము చేరింది అని. మనం జీతాలకు సంతకాలు చేసిన అక్విటెన్స్ రోలు ఉన్నది చూశారా, ఆ అక్విట్ మాట ఇచ్చినవాడి వైపు నుంచి పుట్టింది. బాకీ నుంచి విడుదలైనాడు అని. కోర్టులో ముద్దాయిని విడిచిపెట్టినా ఆ మాటే. తెలుగులో ‘చెల్లు చీటీ’ అన్నాం. అది బాకీ వైపు నుంచి. బాకీ చెల్లిపోయింది, ఇక లేదు. ‘ముట్టినది’ అని కూడా వ్రాసేవాళ్ళం, ‘పై సొమ్ము నాకు ముట్టినది’ అని. ఫారసీవాడి చేరిందికి ఇది దగ్గర. నాకు అన్నింటిలోకీ ఈ ‘ముట్టినది’ అంటేనే ఇష్టం. అందులో చేతి స్పర్శ ఉన్నది. నూరు రూపాయల నోట్లు లెక్కపెట్టుకుని, నాలుక తడితో రెవెన్యూ బిళ్ళ అంటించి, దాని మీద అడ్డంగా సంతకం పెట్టిన రోజులు గుర్తుకు తెస్తుంది. ఇప్పుడు పెన్షను బ్యాంకులో పడుతుంది, ఫోను కిర్రుమంటుంది. చేరింది నిజమే గాని ముట్టలేదు.

రెవెన్యూ బిళ్ళ ప్రసక్తి వచ్చింది గనుక చట్టం కూడా చెప్పి ముందుకు పోతాను. 1899 నాటి భారతీయ స్టాంపుల చట్టంలో రిసీట్ అంటే ఏమిటో నిర్వచనం ఉంది. సొమ్ము ముట్టినట్లు తెలిపే ఏ వ్రాతయినా రిసీటే, ప్రత్యేకమైన ఫారం అక్కరలేదు. అయిదు వేలు దాటితే రూపాయి బిళ్ళ అంటించాలి. సొమ్ము కట్టినవాడు అడిగితే బిళ్ళ అంటించిన రసీదు ఇవ్వడం పుచ్చుకున్నవాడి విధి అని కూడా అందులోనే ఉంది. మొహమాటపడకుండా అడగండి.

రిసీవ్డ్ మాటకు ఒక మారుపేరు కూడా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను కృష్ణా జిల్లాలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. రాత్రింబవళ్ళు పోలీసు వైర్‌లెస్ సెట్టు మోగుతూ ఉండేది. అవతలివాడు వార్త చెప్పగానే ఇవతలి కానిస్టేబులు ‘రోజర్’ అనేవాడు. ఆ రోజర్ ఎవరో పెద్ద అధికారి అనుకున్నాను! టెలిగ్రాఫు రోజుల్లో వార్త అందితే రిసీవ్డ్‌కు గుర్తుగా ‘ఆర్’ ఒక్కటే కొట్టేవారు. రెండవ ప్రపంచయుద్ధం నాటి వైర్‌లెస్ వర్ణమాలలో ‘ఆర్’ అక్షరానికి పేరు రోజర్. అందువల్ల రోజర్ అంటే అందినది. తరువాత ఆ అక్షరం పేరు రోమియోగా మార్చారు గాని, రోజర్ మాత్రం పోలేదు.

ఇక మొదట చెబుతానన్న సంగతి.

ఉప్పెన తరువాత రెండు నెలలు మా ఆఫీసుకు వచ్చిన తపాలు లెక్కలేదు. సహాయం కోసం దరఖాస్తులు బుట్టలతో వచ్చేవి. తపాలు సీటు నాది. 1978 జనవరిలో ఒక సాయంత్రం ఒక ముసలామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. భర్త అటెండరుగా పనిచేస్తూ చనిపోయాడు. కొడుకుకు కారుణ్య నియామకం కోరుతూ దరఖాస్తు. దానికి గడువు ఉంది, నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. “బాబూ, అందినట్లు ఏదైనా రాసియ్యి నాయనా” అని రెండో కాపీ నా ముందు పెట్టింది. రబ్బరు ముద్ర ఎవరో పట్టుకుపోయారు. చేత్తోనే ‘రిసీవ్డ్’ అని వ్రాసి, తేదీ వేసి, పొడి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ దరఖాస్తును రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కించలేదు. కట్టల్లో ఎక్కడో కలిసిపోయింది. నేను మరచిపోయాను.

రెండేళ్ళ తరువాత నేను మరో సెక్షనులో ఉండగా సూపరింటెండెంటు గారు పిలిపించారు. ఆయన కొత్తగా వచ్చారు, మంచి ఇంగ్లీషు వచ్చినవారు. బల్ల మీద ఆ రెండో కాపీ ఉంది. “చూడవయ్యా, వీళ్ళు గడువులోగా ఇచ్చామంటున్నారు. రిజిస్టరులో లేదు. ఆఫీసు ముద్ర లేదు. రిసీవ్డ్ స్పెల్లింగు కూడా తప్పు. ఆఫీసులో పనిచేసేవాడెవడూ ఇలా వ్రాయడు, బయట ఎవరిచేతో వ్రాయించుకున్నారు” అన్నారు. సి తరువాత ‘ఐ’, ఆపైన ‘ఈ’. అది నా చేతివ్రాత. పొడి సంతకం సగం తడిసి అలికిపోయి ఉంది. నేను కాదంటే ఎవరూ నిరూపించలేరు.

“రేపు చెబుతానండి” అన్నాను. ఇంతకు మించి అప్పుడు నోరు రాలేదు. పెళ్ళయి ఏడాది. ప్రొబేషను ఇంకా డిక్లేరు కాలేదు. దరఖాస్తు పోగొట్టినవాడని సర్వీసు రిజిస్టరులో పడితే ఏమవుతుందో తెలుసు. ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ, “ఆ పిల్లాడు ఏం చేస్తున్నాడండీ ఇప్పుడు?” అని ఒక్క మాట అడిగింది. రిక్షా తొక్కుతున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆఫీసు ముందే నిలబడేవాడు.

మర్నాడు నేను పాత తపాలు రిజిస్టరు పట్టుకుని సూపరింటెండెంటు గారి దగ్గరకు వెళ్ళాను. అందులో నా చేతివ్రాతతో ఉన్న పేజీలు తిరగేసి చూపించాను. పేజీకి నాలుగైదు చోట్ల రిసీవ్డ్, అన్నీ ఆ తప్పు స్పెల్లింగుతోనే. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. “రెండేళ్ళుగా ఒక్కరూ దిద్దలేదా నిన్ను?” అన్నారు. లేదన్నాను. లిఖితపూర్వకంగా వాఙ్మూలం వ్రాయించుకున్నారు. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, హెచ్చరికతో వదిలారు. ప్రొబేషను డిక్లరేషను మాత్రం ఏడాదికి పైగా ఆగింది, దాంతోపాటు ఇంక్రిమెంటూ ఆగింది. ఫైలు పైకి వెళ్ళి, నాలుగు కొర్రీలు పడి, 1981లో ఆ అబ్బాయికి అటెండరు ఉత్తర్వు వచ్చింది. నాలుగు మెట్లెక్కి, రికార్డు అసిస్టెంటై, జూనియర్ అసిస్టెంటై, సీనియర్ అసిస్టెంటుగా అతనూ రిటైరయ్యాడు. మన సంఘ సభ్యుడే. పేరు వేయవద్దన్నాడు, వేయడం లేదు.

ఉత్తర్వు తీసుకోవడానికి వచ్చిన రోజున ఆఫీసు కాపీ మీద సంతకం పెట్టమని నా దగ్గరకే పంపారు. అతను చదువుకున్నది ఎనిమిదో తరగతి. “ఏమని రాయాలండీ?” అని అడిగాడు. ఇంగ్లీషులో చెప్పబోయి ఆగాను. “తెలుగులోనే వ్రాయి, ‘అందినది’ అని” అన్నాను. ఆఫీసుల్లో తెలుగు వాడాలని 1966లోనే చట్టం వచ్చింది గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళమ్మ గుమ్మం బయట నిలబడి ఉంది. అతను వ్రాసి, తేదీ వేసి, కాగితం నా చేతికిచ్చాడు. నేను దానిని ముందు రిజిస్టరులో ఎక్కించి, అప్పుడు ఫైలులో కుట్టాను.